అటకకి గాలి

"అటక మీద పొయ్యి గానీ పెట్టీసినావేటే?" అన్నాడు అప్పలసూరి, నిచ్చెన దిగుతున్న పెళ్ళాన్ని చూసి.

గున్నమ్మ రవిక ఒంటికి అతుక్కుపోయింది. మొహం మీద చెమట ధారలు కడుతోంది. చెంగుతో తుడుచుకుని, నోట్లో లవంగాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చింది.

"పొయ్యెందుకు? నువ్వు కట్టించిన ఇల్లే పెద్ద పొయ్యి. ఉల్లిపాయలు కుళ్ళిపోతన్నాయి, బెల్లం కారిపోతంది. నీకేటి పట్టింది?"

అందులో అబద్ధమేమీ లేదు. నరసన్నపేట దగ్గర ఆ ఊళ్ళో అందరూ ఏటవాలు కప్పులు వేసుకుంటే, కర్ర కలిసొస్తుందని అప్పలసూరి మాత్రం వాలు బాగా తగ్గించి బంగాళా పెంకు వేయించాడు. దాంతో అటక మీద మనిషి నిలబడలేడు, గాలి దూరలేదు. అరవై ఎనిమిదో సంవత్సరం రోహిణీ కార్తెలో అక్కడికెక్కడమంటే బతికుండగా ఉడకడమే.

అయినా గున్నమ్మ రోజూ ఎక్కేది. ఉల్లిపాయల కోసం కాదు, చుట్ట కోసం.

ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళలో చాలామందికి ఉన్నట్టే ఆమెకీ అడ్డపొగ అలవాటు. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని నాలుగు దమ్ములు లాగితే తప్ప అన్నం అరగదు. కొడుకు చినబాబుకి సంబంధం చూసినప్పుడు చిక్కొచ్చి పడింది. పిల్ల శ్రీకాకుళంలో ఎస్సెల్సీ చదివింది. "మా నీలవేణికి పొగ పడదు. చుట్ట కాల్చే ఇంటికి పిల్లనివ్వం" అన్నాడు పిల్ల తండ్రి. గున్నమ్మ అందరి ముందూ దీపం మీద చెయ్యి పెట్టి, చుట్ట మానేశానని ఒట్టేసింది. పెళ్ళిపందిరి విప్పేదాకా ఆ ఒట్టు గట్టిగానే నిలబడింది.

ఇప్పుడు ఆ సంగతి బయటపడితే కోడలు పెట్టె సర్దుకుని పుట్టింటికి పోతుంది. పరువు సంగతి తర్వాత, అంత బంగారంలాంటి పిల్ల మళ్ళీ దొరకదు. గున్నమ్మకి కడుపులో బెంగంతా అదే. చుట్టల డబ్బా దూలం వెనక దాచి, మొగుడిక్కూడా తెలియకుండా నెట్టుకొస్తోంది.

ఆ మధ్యాహ్నం నడవలో గుర్రు పెడుతున్న అప్పలసూరి బట్టతల మీద, అటక చెక్కల సందులోంచి బెల్లం పాకం పడింది. వెనకే ఈగలన్నీ దిగాయి. లేచి నెత్తి తడుముకుంటూ తిన్నగా వెళ్ళి, పెంకులు నేసే గంగుల్ని వెంటబెట్టుకొచ్చాడు.

గంగులు ఇల్లంతా చుట్టి చూసి వీధివైపు గోడకి చెయ్యి చూపించాడు. "ఇక్కడో కన్నం కొట్టీస్తే సరిపోతాది బావా."

వీధివైపు కన్నమంటే గున్నమ్మ తన చుట్ట పొగ సంగతి ఊరికి చాటింపు వేసుకున్నట్టే.

"వీధివేపు ఒద్దు మావయ్యా, దుమ్మంతా లోపలికొస్తాది," అంది నీలవేణి గుమ్మంలోంచి. "అయినా ఒక్క కన్నంతో గాలాడదు. వేడి పైకి పోతాది కదా, ఇంటి కొప్పులో ఒకటుండాలి. సల్లగాలి రావడానికి కింద పెరటేపు సూరులో ఇంకోటుండాలి."

"కొప్పులో కన్నమా!" అప్పలసూరి నోరు తెరిచాడు. "ఈ వాలుకి వానొస్తే అటకంతా సెరువైపోద్దమ్మా."

"అడుగు తీసిన కుండ పెట్టి, పైన కాస్త ఎత్తులో పెంకు మూత పెడితే సరి. పక్కల్నించి గాలి పోతాది, వాన పడదు."

గంగులు తలూపాడు. "పిల్ల సెప్పింది బాగున్నాది బావా."

గున్నమ్మకి కోడల్ని ఎత్తుకుని ముద్దాడాలనిపించింది. చదువుకున్న పిల్ల చదువుకున్న పిల్లే! ఆ వెంటనే సిగ్గూ వేసింది. ఇంత మంచి పిల్లని మోసం చేస్తున్నానే అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ డబ్బా అయిపోగానే మానేస్తానని మనసులో ఇంకో ఒట్టు వేసుకుంది.

సాయంత్రానికి పని పూర్తయింది. చూరు కన్నం దగ్గర చెయ్యి పెడితే గాలి లోపలికి లాగడం తెలుస్తోంది.

మర్నాడు భోజనాలయ్యాక నీలవేణి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కోడలికి నిద్ర పట్టాక నిదానంగా ఎక్కొచ్చని గున్నమ్మ పెరట్లో పిడకలు చరుస్తోంది. చల్లటి అటక మీద కాళ్ళు చాపుకుని లాగబోయే మొదటి దమ్ము తలుచుకుంటే నోరూరిపోతోంది.

"ఓలమ్మో, మీ ఇల్లు అంటుకున్నాదే!" అని పక్కింటి గురమ్మ గోడ మీంచి కేకేసింది.

గున్నమ్మ తలెత్తింది. కొప్పు మీది కుండలోంచి సన్నగా, నీలంగా పొగ వస్తోంది. నిన్నటి పీక సరిగ్గా ఆర్పలేదా? లోపలికి పరిగెత్తేసరికి అప్పలసూరి నీళ్ళ బిందెతో నిచ్చెన మీద కాలు పెట్టేశాడు. అతనెక్కితే ముందు దొరికేది డబ్బా.

"దిగు! నీ బరువుకి నిచ్చెనిరిగిపోతాది. నేనెల్తాను."

"ఒసే, నిప్పే!"

"నిప్పైతే నాకేటి బయ్యం? నువ్వు నూతి కాడికెల్లి ఇంకో బిందె తే!"

మొగుణ్ణి అటు తోసి, బిందె లాక్కుని, దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ ఎక్కింది. అటక తలుపు తలతో నెట్టి లోపలికి చూసింది. మంట లేదు. అంతా పొగ, ఆ పొగ నిండా కమ్మటి పొగాకు వాసన.

"తలుపేసియ్యత్తా, పొగ కిందికి పోతాది," అంది నీలవేణి.