ఎదురు గది ఫిర్యాదు

ఓడెక్కిన రోజు మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి కారిడార్‌లో స్పీకరు గంట మోగింది.

ఆ వెంటనే చిన్ని రెండు చెవులూ మూసుకుని నేల మీద పడిపోయి కేకలు పెట్టింది.

చిన్నికి తొమ్మిదేళ్ళు. ఆటిజం. నోటికి వచ్చే మాటలు పది పన్నెండు. చెవులు మాత్రం పాముచెవులు, కాస్త గట్టి చప్పుడైనా తట్టుకోలేదు.

తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అప్పుడే భోజనానికి కాబోలు, ఎదురు గదిలోంచి గుబురు కనుబొమ్మల ముసలాయన ఒకరు బయటికొచ్చారు. పిల్లను చూశారు. పైన స్పీకరును చూశారు. ఆ తర్వాత తల్లి మొహం మీద చూపు నిలిపారు.

"ఏమీ అనుకోకండి బాబాయిగారూ. పాపకి చప్పుడు పడదు. రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది," అంది తల్లి.

ఆయన ఉలకలేదు, పలకలేదు. ఆమె నోటివంకే గుచ్చి గుచ్చి చూసి, లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు.

"నవ్వితే ముత్యాలు రాలతాయి కాబోలు పెద్దాయనకి," అన్నాడు తండ్రి.

తల్లికి నవ్వు రాలేదు. టిక్కెట్టు కాగితం వెనక తాము సంతకం పెట్టిన షరతు గుర్తొచ్చింది. తోటి ప్రయాణికులకు ఇబ్బంది కలిగిస్తే తర్వాతి రేవులో దించేస్తారు.

తొమ్మిదేళ్ళలో వాళ్ళు సరదాగా ఊరు దాటడం ఇదే మొదటిసారి. హోటళ్ళలోంచి, పెళ్ళిళ్ళలోంచి, ఒకసారి బస్సులోంచి కూడా సగంలో లేచొచ్చిన సంసారం అది. చిన్నికి నీళ్ళంటే ప్రాణం కదా అని ఓడెక్కించారు. ఈ ఆరు రోజులైనా ఎవరూ లేచి పొమ్మనకుండా గడిస్తే చాలని తల్లి కోరిక.

సాయంత్రం దుప్పటి అడగడానికి కింది కౌంటరు దగ్గరికి వెళ్తే, కనుబొమ్మలాయన అక్కడే ఉన్నారు. ఏదో కాగితం రాసిచ్చి వెళ్ళిపోయారు.

"ఏంటమ్మా అది?"

"ఫిర్యాదండీ. మీ కారిడార్‌లో చప్పుడు భరించలేకపోతున్నారట. రాసిచ్చారంటే పైవాళ్ళకి పంపాల్సిందే," అంది కౌంటరు అమ్మాయి, ఫోను ఎత్తుకుంటూ.

 తల్లి ఏ చప్పుడని అడగలేదు. అడగడమెందుకు, తొమ్మిదేళ్ళుగా తెలిసిన జవాబే కదా.

"ఒక్క కాగితానికే దించేస్తారా? గోరంతని కొండంత చేస్తావు," అన్నాడు తండ్రి.

"మనం గోరంత అనుకున్నవన్నీ కొండలే అయ్యాయి ఇన్నాళ్ళూ."

మర్నాడు పన్నెండు కాకముందే తల్లి పిల్ల చెవులకి తువ్వాలు చుట్టి ఒళ్ళో అదిమిపట్టి కూర్చుంది. గంట మోగలేదు.

"స్పీకరు పాడైనట్టుంది. బతికిపోయాం," అన్నాడు తండ్రి.

ఆ రోజే బాత్‌రూములో చేతులారబెట్టే మిషన్ మోతకి చిన్ని ఏడుస్తూ బయటికి పరిగెత్తి పెద్దాయన కంటబడింది, ఆయన రెండో కాగితం ఇచ్చారు. మూడో రోజు ఆయన ముందే లిఫ్టు గంటకి చెవులు మూసుకుంటే మూడోది. రెండుసార్లూ తల్లి మెట్ల మీంచి కళ్ళారా చూసింది.

చిన్ని మాత్రం ఓడ వెనకవైపు కటకటాలు పట్టుకుని, నీళ్ళ మీద పరుచుకునే తెల్లటి నురగని గంటలకొద్దీ చూస్తోంది. "ఇంకా," అంటోంది. నవ్వుతోంది. ఆ నవ్వు చూసినకొద్దీ తల్లికి భయం ఎక్కువైంది. తలుపు తట్టిన చప్పుడైతే చాలు, దిగమని చెప్పడానికే వచ్చారనుకునేది.

నాలుగో రోజు కారిడార్‌లో ఆయన ఎదురుపడేసరికి ఇక ఆపుకోలేకపోయింది.

"మూడు కాగితాలిచ్చారు. మమ్మల్ని దించేదాకా మీకు నిద్ర పట్టదా? అంత పడకపోతే మీరే దిగిపోండి. మీ ఇంట్లో ఇలాంటి పిల్ల ఉండుంటే తెలిసేది."

ఆయన ఆమె నోటివంకే చూస్తూ నిలబడ్డారు. ఏదో చెప్పబోయినట్టు చెయ్యి ఊపి, జేబులోంచి పెన్ను తీశారు.

"ఓహో, నాలుగోది కూడా రాస్తారా? రాసుకోండి."

ఆమె తలుపు ధడాలున వేసేసింది.

"పెద్దవాళ్ళతో మాట్లాడే తీరేనా అది?" అన్నాడు తండ్రి.  

అయిదో రోజు పొద్దున ఓడ రేవులో ఆగింది. దిగమని ఎవరూ పిలవలేదు. తల్లి తలుపు ఓరగా తెరిచి చూస్తే, ఎదురు గదిలో పనామె పక్కదుప్పట్లు మారుస్తోంది. అక్కడ పెద్దాయనా లేరు, ఆయన పెట్టే లేదు.

"దిగిపోయారు. పీడా విరగడైంది," అంది తల్లి. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి గుండెలనిండా ఊపిరి పీల్చుకుంది.

పన్నెండింటికి స్పీకరు గంట మోగింది.

చిన్ని కింద పడి తన చేతిని తనే కొరుక్కుంది. రక్తం వచ్చింది. పిల్లని తండ్రికి అప్పగించి తల్లి కౌంటరుకి పరిగెత్తింది.

"ఇన్నాళ్ళూ పాడైపోయిన స్పీకరుని ఇవాళే బాగుచెయ్యాలా?"

"పాడవడమేంటండీ? మేమే ఆపాం. మీ ఎదురు గది పెద్దాయన గంట మోత భరించలేనని రాసిచ్చారుగా. మర్నాడు బాత్‌రూముల్లో చేతులారబెట్టే మిషన్ మీద రాశారు. ఆ తర్వాత లిఫ్టు గంట మీద. అన్నీ ఆపించాం. ఆయన ప్రయాణం ఇక్కడికే కాబట్టి మళ్ళీ మామూలే."

తల్లి కౌంటరు అంచు పట్టుకుంది.

"మా పాప గురించి రాయలేదా?"

"పాప ఊసే లేదండీ."

ఓడ అప్పటికే రేవు వదిలి చాలా దూరం వచ్చేసింది. కిటికీలోంచి చూస్తే ఒడ్డు సన్నటి గీతలా ఉంది. 

"అయ్యో, ఆయనకీ చప్పుడు పడదన్నమాట. పాపం, మా పాపలాగే."

కౌంటరు అమ్మాయి ఆమె వంక వింతగా చూసింది.

"మాకూ అదే అంతుపట్టలేదండీ," అంది. "తలుపు కొడితే వెలిగే దీపం ఆయన గదిలో మేమే బిగించాం, ఆయనకి పుట్టు చెవుడు."