గవ్వల చెక్క

"గీతలు కనపడట్లేదు అంకుల్," అన్నాడు మా ఇంట్లో అద్దెకుండే కుర్రాడు కృపాల్. తన త్రీడీ ప్రింటర్‌కి పాత ఫోను కెమెరా, లేజర్ లైటు, తిరిగే పళ్లెం బిగించి సొంతంగా స్కానర్ తయారుచేశాడు.

పళ్లెం మీద తిరుగుతున్నది మా ఆవిడ గవ్వల చెక్క. జర్మనీలో, ఈ ఆకెన్ ఊళ్లో మా తెలుగు చర్చివాళ్లందరికీ అదొక్కటే. క్రిస్మస్ ముందు ఆడవాళ్లంతా మా వంటింట్లో చేరి దాని గీతల మీదే గవ్వలు చుడతారు. అలాంటి చెక్కలే ప్రింటర్‌లో అచ్చుతీసి నా కొట్లో పెడితే మంచి గిరాకీ అని నా లెక్క.

"మెరుస్తుంటే లైటు చెదిరిపోతుంది. దీనికింత నూనె ఎవరు పూశారు?"

"నేనే. మెరిస్తే పనికిరాదని నిన్న నువ్వే అన్నావుగా," అంది మా ఆవిడ ఏసుకుమారి, నవ్వాపుకుంటూ.

"కుమారీ, చేతికొచ్చే లాభం చెడగొడతావా?"

"ఇంటికో చెక్క అమ్మేస్తే, ఈ చలిలో మనింటికి ఎవరొస్తారండీ?"

ఇన్నేళ్లూ ఇంట్లో వ్యాపారిని నేనే అనుకున్నాను.

"బియ్యప్పిండి చల్లితే మెరుపు పోతుంది అంకుల్. చల్లనా?"

"వద్దు," అన్నాను నేను. "మిషన్ సర్దెయ్. సాయంత్రం చర్చివాళ్లొస్తారు. చెక్క ఒకటి చాలు, కుర్చీలే చాలవు. నీ రూములోవి పట్టుకురా."