చేతికి దిగొచ్చిన చెవి

ఆ అడవిబడిలో ఒకటే నియమం: కుడిచెయ్యి తలమీదుగా పోనిచ్చి ఎడమ చెవిని అందుకున్న పిల్లనే చేర్చుకుంటారు. పక్క చెట్టు ఉడత కొడుకు అప్పుడే బడికి పోతున్నాడని దూదక్క అనే కుందేలుకు ఒకటే కడుపుమంట. ఇంకా పాలు మానని పిల్లాణ్ణి ఈడ్చుకొచ్చి తాబేలు పంతులు ముందు నిలబెట్టింది. బుడ్డోడు చెయ్యెత్తగానే పొడుగు చెవి వాలి చేతిలో పడింది.

"అందిందండీ!" అని దూదక్క గంతేసింది.

బుడ్డోడు ఆ చెవినే దుప్పటిలా కప్పుకుని అమ్మ కాళ్ళ దగ్గర నిద్రపోయాడు.

పంతులు నవ్వాడు. "చెయ్యి చెవిని అందుకోలేదమ్మా, చెవే చేతికి దిగొచ్చింది. ఎప్పుడు చేర్చుకోమంటావో నువ్వే చెప్పు."

దూదక్క వాడి మూతికంటిన పాలు తుడిచింది. "వచ్చే వానలకి తీసుకొస్తాలెండి. ఉడతమ్మ అడిగితే మాత్రం, బడి నిండిపోయిందని చెప్పండి."