పచ్చలైటు వెలిగినంతసేపూ

“దాన్ని ముట్టుకోకు వదినా!”

బాసిల్ అరుపుకి లమీస్ చెయ్యి రౌటరు దగ్గరే ఆగిపోయింది. దుమ్ము తుడుద్దామనుకుంది, అంతే. మరిది గబగబా వచ్చి, రౌటరుకి తగిలించిన చిన్న బ్యాటరీని తిరగేసి చూశాడు. అది పొట్ట ఉబ్బి ఉంది.

“ఇది చచ్చింది. కరెంటు పోతే రౌటరుని ఇక క్షణం కూడా నడపదు. జెనరేటరు లైనే దిక్కు,” అన్నాడు.

సర్కారు కరెంటు మొహం చూసి ఆ వీధికి చాలా రోజులైంది. వీధంతటికీ లైన్లిచ్చే జెనరేటరువాడు కూడా డీజిలు లేదంటూ పొద్దున్నే ఆపేశాడు. ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతున్నా బాసిల్‌కి పట్టలేదు. ఆ ఇంట్లో దీపం వెలగకపోయినా ఫర్వాలేదు గానీ, రౌటరు మీద పచ్చలైటు వెలగాలి. నిజార్ కబురు వచ్చేది దాని గుండానే మరి.

లమీస్ భర్త నిజార్ వేసవి మొదట్లో మీనా రేవు నుంచి దొంగచాటుగా పడవెక్కాడు. ఇటలీ చేరాననీ, శిబిరంలో ఉంచారనీ, ఫోను మైకు పాడైందనీ, ఇక రాతలోనే మాట్లాడతాననీ మెసేజ్ పెట్టాడు. అప్పట్నుంచి రోజూ ఏదో ఒకటి రాస్తూనే ఉన్నాడు. కరెంటు పోయినప్పుడల్లా లమీస్‌కి ఊపిరాడేది కాదు.

నిజార్ వెళ్లిన వారంలోనే బయల్దేరిన పడవ ఒకటి మునిగిపోయిందని ఊరంతా అంటోంది. ఆచూకీ లేనివాళ్ల పేర్లు ఈ రోజు రేవులో రాసుకుంటున్నారు. పొద్దుట్నుంచీ లమీస్ మనసు పీకుతూనే ఉంది.

“నేనూ ఒకసారి వెళ్లొస్తాను బాసిల్.”

“శుభమా అని అన్నయ్య బతికుంటే, చచ్చినవాళ్ల వరసలో పేరు రాయిస్తావా? ఆ పడవ వేరు, అన్నయ్య పడవ వేరు.”

“గొంతు విని ఎన్నాళ్లయిందో నీకేం తెలుసు!”

“పోనీ, అన్నయ్యనే అడుగు. వద్దంటే మానేస్తావుగా?”

“వెళ్లమంటే?”

బాసిల్ వేలికున్న వెండి ఉంగరాన్ని ఓసారి తిప్పుకున్నాడు. అది నిజార్‌ది. సముద్రంలో జారిపోతుందని పడవెక్కేముందు తనకిచ్చాడని చెప్పాడు. ఆ రోజు రేవుదాకా సాగనంపింది అతనొక్కడే.

“వెళ్లమంటే నేనే తీసుకెళ్తాను,” అన్నాడు.

ఫోను ఛార్జి అయిపోవచ్చింది. కింద వాటాలో ఒదేత్ పిన్నికి సోలార్ పలకలున్నాయని లమీస్ మెట్లు దిగింది.

“పరాయివాళ్ల నెట్ మాత్రం పట్టకు! ఫోన్లో ఉన్నవన్నీ చదివేస్తారు,” వెనక నుంచి హెచ్చరించాడు బాసిల్. “నన్ను చూడు, ఇంట్లో రౌటరుండగా దండగని ఫోన్లో నెట్టే వేయించుకోలేదు.”

ఆ మేడలో అందరి జెనరేటరు లైన్ల మీటలూ ఒదేత్ గుమ్మం పక్కన పెట్టెలో ఉంటాయి. లమీస్ వాటి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని సంగతంతా చెప్పింది.

“వాడు చెప్పాడని నోరు కుట్టేసుకుంటావుటే? నీ ఫోను చదివి నేనేం నవల రాస్తానా? ఇలా ఇయ్యి,” అని ఒదేత్ ఫోను లాక్కుని తన నెట్ కలిపేసింది.

‘రేవుకెళ్లి నీ పేరు రాయించనా?’ అని నిజార్‌కి పంపింది లమీస్. ఒక్క టిక్కే పడింది.

“పాపం, అక్కడ కూడా ఇదే గోలేమో,” అంది ఒదేత్, యాలకుల కాఫీ అందిస్తూ.

కప్పు ఖాళీ అయ్యేలోపు వీధి చివర జెనరేటరు ఉరిమింది. పైవాటాల్లో ఫ్యాన్లు తిరిగాయి, ఎవరో చప్పట్లు కొట్టారు. కాసేపటికి లమీస్ ఫోన్లో రెండో టిక్కు పడింది. నిజార్ పేరు కింద ‘టైప్ చేస్తున్నారు’ అని కనిపించింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. వద్దంటాడో, వెళ్లమంటాడో! ఏదైనా సరే, ఉన్నాడు, అది చాలు.

“లమీస్!” మేడమీంచి అత్తగారు కేక పెట్టింది. “ఫ్రిజ్ వెనకాల పొగొస్తోందే! మీట దించెయ్! బాసిల్‌ని పిలుస్తుంటే పలకడు, గది తలుపేసుకుని కూర్చున్నాడు!”

“దించేస్తున్నా అత్తయ్యా!”

లమీస్ చప్పున లేచి తమ మీట పట్టుకుంది. రౌటరు ఆరిపోతేనేం, తన ఫోను ఒదేత్ నెట్ మీద ఉంది, జవాబు ఎక్కడికీ పోదు. ఆ ధైర్యంతోనే మీట కిందికి లాగి, మళ్లీ తెర వైపు చూసింది. నెట్ నిండుగానే ఉంది.

నిజార్ టైప్ చేయడం ఆపేశాడు.