సున్నా కింద గీత

"నాలుగోసారి కూడా నీళ్ళు బాగానే ఉన్నాయంటారా?" కుట్టుపని చేసుకునే ఆవిడ రిపోర్టును తెచ్చి నీటి పరీక్షల లాబ్‌లో ఎనలిస్టు బల్ల మీద కొట్టినంత పని చేసింది.

"అనేది నేను కాదమ్మా, యంత్రం. మీ వీధి బోరు నీళ్ళలో సీసం లేదు."

"మరి మా వాడి ఒంట్లోకి ఎక్కణ్ణించి వచ్చింది సార్? రక్తంలో సీసం ఉందని డాక్టరుగారు రాసిచ్చారు. పోయిన నెల కంటే ఈ నెల ఇంకా పెరిగిందట. ఏడేళ్ళ పిల్లాడు, మెట్లెక్కమంటే నా వంక చూసి ఏడుస్తున్నాడు. మా వీధి వెనకే పాత బ్యాటరీలు కరిగిస్తారు. నీళ్ళలో కాకపోతే ఇంకెక్కడుంటుంది?"

ఎనలిస్టు మెత్తని మనిషే. కానీ ఈవిడ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. మాటలతో వదలదని అర్థమై, కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు.

"రండి, మీ కళ్ళతో మీరే చూడండి."

తెర మీద ఒక సన్నటి గీత. ఆమెకు ఆనడం లేదని దాన్ని లావు చేశాడు. బూడిదరంగు తీసి నీలం వేశాడు. కింద అంకెలు పెద్దవి చేశాడు. గ్రాఫుల్ని ముస్తాబు చేయడంలో అతనిది అందె వేసిన చేయి. అతను తయారుచేసిన టెంప్లేట్‌నే లాబ్ అంతా వాడుతుంది.

"ఒక్కో లోహానికి ఒక్కో చోటుంటుంది. ఇది కాల్షియం, ముల్లులా లేచింది చూశారా? సీసమే ఉంటే ఇదిగో, ఇక్కడ ఇలాగే లేవాలి. లేచిందా?"

ఆమె ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగింది. "లేవలేదు. కానీ అక్కడ అసలు గీతే లేదుగా సార్."

"సున్నా మీద పడుకుంది. అందుకే కనబడదు."

"పడుకున్నా కనబడాలిగా! ఇక్కడ తెగింది, మళ్ళీ వేలెడు దూరంలో మొదలైంది. మడిచిన గుడ్డకీ కోసేసిన గుడ్డకీ తేడా నాకు తెలీదా? అంచున ఎవరో కత్తెర వేశారు."

ఎనలిస్టుకు నవ్వొచ్చింది. ఆ కత్తెర వేసింది తనే. ఆరునెలల కిందట కొన్ని గీతలు సున్నాకు కిందికి వేలాడుతుంటే మేనేజరు విసుక్కున్నాడు. "అసలు లేనిదానికంటే తక్కువ ఎలా ఉంటుందయ్యా? చూసినవాళ్ళు నవ్విపోతారు" అన్నాడు. ఏ పరీక్షలోనైనా చిన్నాచితకా ఊగిసలాట మామూలే, దాన్ని ఊరందరికీ చూపడం దేనికని, గ్రాఫు అడుగు సున్నా దగ్గరే ఆగేలా చేసి అందరికీ ఆ టెంప్లేటే పంచాడు.

"కింద ఏముందో చూపించండి సార్."

"ఏమీ ఉండదమ్మా."

"ఏమీ లేకపోతే చూపించడానికేం?"

ఆమెను ఇంటికి పంపడానికి అంతకంటే దగ్గరిదారి కనబడలేదు. సున్నా చెరిపి ఒక మైనస్ అంకె కొట్టాడు. గీత కిందికి దిగింది. దిగుతూనే ఉంది, అడుగు కనబడలేదు. ఇంకా పెద్ద అంకె కొట్టాడు. అప్పుడు తేలింది, అది ఊగిసలాట కాదు, నుయ్యంత గొయ్యి.

ఎనలిస్టు కుర్చీ ముందుకు లాక్కుని అంకెలు మళ్ళీ చదివాడు. లాబ్‌లో ఆవిరి పట్టి చల్లార్చి తీసిన శుద్ధమైన నీళ్ళు ఉంటాయి. ప్రతి శాంపిల్ లోంచీ ఆ నీళ్ళ గీతను తీసివేసి, మిగిలినదాన్నే యంత్రం చూపిస్తుంది. తీసివేస్తే ఇంత గొయ్యి పడిందంటే సీసం ఆ శుద్ధమైన నీళ్ళలోనే ఉంది. బోరు నీళ్ళలో కంటే ఎక్కువగా ఉంది. ఆవిరి పట్టే పాత్రకు చిల్లు పడితే సీసం కలిసిన అతుకు వేయించింది ఎప్పుడు? ఆరునెలల కిందటే. గీతలు కిందికి వేలాడటం మొదలైందీ ఆ వారమే. కంచే చేను మేస్తుంటే తను దానికి తెర కట్టాడు.

"ఏంటి సార్ ఆ గొయ్యి?"

అతను తీసివేత గడిలో టిక్కు తీసేశాడు. ఇప్పుడు తెర మీద మిగిలింది అచ్చంగా బోరు నీళ్ళ గీత. సీసం చోట ముల్లు లేచి, ఇంతకు మించకూడదని గీసిన ఎర్రగీతను దాటి నిలబడింది. నాలుగు రిపోర్టుల మీదా ఉన్నది తన సంతకమే.

"ఉందమ్మా" అన్నాడు. "మీ బోరులో సీసం ఉంది. తప్పు నాదే."

తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఈ నాలుగు రాకల్లో మొదటిసారి నవ్వింది.

"నాకు పిచ్చెక్కిందన్నారు సార్ మా వీధిలో. మా ఆయన కూడా అదే మాట."

"ఇంకో మాట చెప్పాలమ్మా..." అతను కళ్ళెత్తలేకపోయాడు. యంత్రం పక్కనున్న శుద్ధమైన నీళ్ళ సీసా కేసి చూస్తూ ఆగిపోయాడు.

"ఫర్లేదు సార్, అంత బాధపడకండి. మీ రిపోర్టు నమ్మకుండా మూడు నెలల కిందటే మా వాడికి బోరు నీళ్ళు మాన్పించేశాను. పాతది ఒంట్లోంచి దిగడానికి టైం పడుతుందిగా, దిగుతుంది. మీ వాచ్‌మన్ అన్నయ్య జాలిపడి, మీరిక్కడ పరీక్షలకు వాడే ఆ శుద్ధమైన నీళ్ళు రోజూ పొద్దున్నే క్యాన్ నిండా పట్టిస్తున్నాడు. మా వాడు అవి తప్ప వేరే చుక్క ముట్టడం లేదు సార్."