గండికోట దోవ

"తమ్ముడూ, ఈ సైకిలు ఇక్కడ పెట్టుకోవచ్చా?"

బావిలోంచి చేద లాగుతున్న లాజరు తలతిప్పి చూశాడు.

ఖాకీ నిక్కరు, తలకు తువ్వాలు, ఒళ్ళంతా దుమ్ము. ఎవరో చదువుకున్న మనిషి. ఈ సీమవాడు కాదు.

"యాడికి పోవాల దొరా?"

"గండికోట చూడాలి. మొన్న పుష్పగిరి చూశాను. అంతకుముందు సిద్ధవటం. సెలవు దొరికితే చాలు, సైకిలెక్కేస్తాను. ఈ బయలులో తొక్కుతుంటే లోకంలో నేనొక్కణ్ణే ఉన్నట్టుంటుంది."

లాజరుకు ఒళ్ళు మండింది. ఆ ఏడు చినుకు లేదు. ఎద్దులు గడ్డి లేక చచ్చాయి. దొరతనం వాళ్ళ కరువు పనికి, కంకర కొట్టడానికి పాలెం మొత్తం తరలిపోయింది. ఈయన రాళ్ళు చూడటానికి వచ్చాడు.

"పెట్టుకోండి. కొండ మీదికి దోవ ఆ పక్క."

ఆయన కదలలేదు.

"కంగారుగా ఉన్నావేం? ఇంట్లో అంతా బాగేనా?"

గుడిసెలో భార్య జీవమ్మ రాత్రి నుంచి నొప్పులు పడుతోంది. ఆ మాట పరాయి మగవాడితో ఎట్లా చెప్పడం?

"బాగానే ఉండారు," అని కుండ భుజానికెత్తుకుని లాజరు గబగబా వెళ్ళిపోయాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి గుడిసెలో బిడ్డ ఏడుపు వినిపించింది.

లాజరు ఆకాశానికి చేతులెత్తి దండం పెట్టాడు. ఆ చేతులింకా దించకముందే మంత్రసాని విశ్వాసమ్మ బయటికి వచ్చింది. మోచేతుల దాకా నెత్తురు.

"ఆడబిడ్డరా. మావి పడలేదు. నెత్తురు నిలవకుండా పోతాండాది. ఇంక నా చేతిలో లేదు. ఏటి అవతల మిషనాస్పత్రికి మోసకపో."

"ఎవరుండారత్తా మోసేదానికి?"

మంచం ఎత్తాలంటే నలుగురు మగవాళ్ళు కావాలి. పాలెంలో లాజరు తప్ప అందరూ ముసలివాళ్ళే.

బావి దగ్గర సైకిలుంది.

"దొరా! ఓ దొరా!"

కొండకేసి గొంతు చించుకున్నాడు. జవాబు లేదు.

బిడ్డను పక్కింటి అవ్వ ఒళ్ళో పెట్టి, జీవమ్మను సైకిలు మీద కూర్చోబెట్టి, పాతచీరతో సీటుకు కట్టాడు. అతనికి తొక్కడం రాదు. తోయడమే. వెనక విశ్వాసమ్మ పట్టుకుంది.

"బిడ్డ ఎట్లుంది?" అంది జీవమ్మ కళ్ళు తెరవకుండానే.

"నీ మాదిరే ఉండాది. మాట్లాడొద్దు."

దోవ పొడుగునా దుమ్ములో నల్లటి చుక్కలు పడుతున్నాయి.

"లాజరూ, ఆ మనిషి కొండ దిగొస్తాండాడు!"

వెనక్కి చూశాడు. ఆయనే. చేతులూపుతూ పరుగెత్తుకొస్తున్నాడు. ఎదురుగాలికి మాట తెగి తెగి వినిపించింది.

"ఆగండి... దించు! ఆమెను దించు!"

లాజరు పళ్ళు కొరికాడు.

"ఇన్యావా అత్తా? పాణం పోతాండే మనిషిని దించాలంట! సైకిలంటే అంత తీపి!"

"నిలుపురా. కాళ్ళు పట్టుకుని అడుగుదాం."

"కాళ్ళు పట్టుకుంటే కరిగేటోళ్ళా వీళ్ళు? గుంజుకుంటాడు. అప్పుడు యాడికి పోవాల నేను?"

మలుపు తిరగగానే సైకిలును దోవ మీంచి కంపచెట్లలోకి తోసేశాడు. ముళ్ళు ఒళ్ళంతా గీరాయి.

కాసేపటికి ఆయన అడుగుల చప్పుడు దగ్గరయింది. ముందుకు పోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఎక్కడున్నారు? భయపడకండి! నేను..." మిగతా మాట గాలికి కొట్టుకుపోయింది.

జీవమ్మ మూలిగింది. లాజరు అరచేత్తో ఆమె నోరు మూశాడు.

చప్పుడు దూరమయ్యేదాకా ఆ చెయ్యి తీయలేదు.

ఆ తర్వాత కంపల్లోంచి అడ్డదోవే. రాళ్ళకు చక్రం ఎగిరి పడినప్పుడల్లా జీవమ్మ తల అతని భుజానికి కొట్టుకునేది. పెన్న ఎండి ఇసక మేట వేసి ఉంది. చక్రాలు దిగబడ్డాయి. సైకిలును అక్కడే పడేసి, ఆమెను భుజాన వేసుకుని, కాలే ఇసకలో పరుగెత్తాడు.

ఆస్పత్రి వరండాలో దించాడు. నర్సు కృపమణి వచ్చి నాడి పట్టుకుంది. చాలాసేపు వదలలేదు.

"డాక్టరును పిలవమ్మా!"

"ఈ పొద్దు సెలవు నాయనా. కొత్తగా వచ్చినాయన, ఊళ్ళో లేడు."

"ఎప్పుడొస్తాడు?"

నర్సు జీవమ్మ ముఖం మీద కొంగు కప్పింది.

"వచ్చినా ఇంకేం లాభం? ఒళ్ళింకా వెచ్చగా ఉండాది. ఇప్పుడే పోయింది."

విశ్వాసమ్మ గోడకు తల కొట్టుకుంది. లాజరు ఏడవలేదు. ఇసక అంటిన జీవమ్మ పాదాలు తుడుస్తూ కూర్చున్నాడు.

గేటు చప్పుడైంది.

సైకిలు తోసుకుంటూ ఆ మనిషి వస్తున్నాడు. చొక్కా పేలికలైంది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి.

లాజరు లేచి నిలబడ్డాడు. పోలీసులకు పట్టిస్తే పట్టించనీ అనుకున్నాడు.

ఆయన చేతుల్లోంచి సైకిలు జారి కింద పడింది. పరుగున వచ్చి, జీవమ్మ పక్కన కూలబడి, కొంగు తొలగించి మెడ మీద వేళ్ళు పెట్టాడు. పెట్టిన వేళ్ళు అట్లాగే ఉండిపోయాయి.

నర్సు ఇక ఓర్చుకోలేకపోయింది.

"మావి పడలేదంతే డాక్టరు గారూ! గుడిసెలోనైనా మీరు చేత్తో తీసేసేవారు కదా! ఇంతసేపూ యాడికి పోయినారు?"

ఆయన తలెత్తి లాజరును చూశాడు.

"దారి తప్పాను సిస్టర్," అన్నాడు.