పొద్దుటి మాత్ర

పాపారావు కారు దిగగానే ఉమామహేశ్వరి కళ్ళు ఆయన చొక్కా మీద పడ్డాయి. నిన్న ఊడిన బొత్తాం ఇవాళ కుట్టి ఉంది. ఆమెకు ఒళ్ళు మండింది.

"అక్కడ తిన్నారా?"

"లేదు ఉమా."

అబద్ధమని తెలుసు. రాత్రిళ్ళు ఏలూరులో ఆ కాంతం దగ్గరే మకాం. తెల్లారాక చేపల చెరువుల పేరు చెప్పి కైకలూరు వస్తాడు. పదకొండేళ్ళుగా ఉమామహేశ్వరికి ఈ కడుపుమంట తప్పలేదు.

నెల కిందట ఆయనకు షుగర్ అని తేలింది. రోజుకొక్క మాత్ర రాశారు. టిఫిన్‌కి ముందు వేసుకోవాలి, వేసుకున్నాక తినకుండా ఉండకూడదు. ఆ కాంతానికి ఇవన్నీ ఏం పట్టాయి? పెళ్ళిళ్ళలో ఆయన పక్కన నిలబడి ఫొటోలు దిగడం తప్ప! అందుకే ఉమామహేశ్వరి విడిగా మాత్రలు కొని వంటింట్లో పెట్టుకుంది.

"మింగండి. నా కళ్ళముందే."

ఆయన కాస్త తటపటాయించి మింగాడు. పెసరట్టు పెనం మీద ఉండగానే ఫోన్ మోగింది. చేపల లారీ వచ్చిందట.

"ఇప్పుడే వస్తా" అని వెళ్ళిపోయాడు.

పదకొండింటికి డ్రైవరు నరసరాజు ఆయన్ని నడిపించుకొచ్చాడు. ఒళ్ళంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. మాట తడబడుతోంది. ఉమామహేశ్వరి గబగబా పంచదార నీళ్ళు తాగించి, కారెక్కించి, ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దారిలో ఆయన తేరుకున్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

వరండాలో కాంతం కనిపించేదాకా.

"ఆవిడనెందుకు పిలిచావయ్యా?" అని ఉమామహేశ్వరి నరసరాజు మీద విరుచుకుపడింది.

డాక్టరమ్మ మందుల చీటీ చూసింది.

"పొద్దున మాత్ర ఎవరిచ్చారండీ?"

"నేను" అన్నారు ఇద్దరూ.

డాక్టరమ్మ తల పట్టుకుంది.

"తిన్నా తినకపోయినా ఈ మాత్ర ఒంట్లో ఇన్సులిన్ పుట్టిస్తూనే ఉంటుందమ్మా. రోజూ రెండుచోట్లా తింటున్నారు కాబట్టి ఇన్నాళ్ళు నిలిచారు. ఇవాళ రెండో చోట తినలేదు, షుగర్ పడిపోయింది. ఏవండీ, అక్కడ వేసుకున్నానని ఒక్కమాట చెప్పలేకపోయారా?"

"ఎలా చెప్పనండీ?" గొణిగాడు పాపారావు.

"పంచదార నీళ్ళు కాసేపే కాపాడతాయి. మాత్ర ప్రభావం రేపటిదాకా ఉంటుంది. మళ్ళీ పడిపోతే ప్రమాదం. అడ్మిట్ చేయాలి."

ఉమామహేశ్వరి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. ప్రాణం నిలబెట్టింది తను. ఈ ఒక్కరోజైనా ఆయన పక్కన తనే ఉండాలి. ఎవరికీ వదలకూడదు.

నర్సు ఫారం తెచ్చింది.

"భార్య సంతకం కావాలండీ. ఆవిడొక్కరే ఉండొచ్చు, మిగతావాళ్ళు బయటికి వెళ్ళాలి."

ఉమామహేశ్వరి ఆయన చెయ్యి వదిలేసి, కాంతానికి దారిచ్చి, బయటికి నడిచింది.